అర్హత ముందా, ప్రశ్న ముందా?



కాలం చేసిన మాస్టారి పేరిట పెట్టిన ఈ సభలో మాట్లాడమని హెబ్బగోడి తెలుగు మిత్రులు అన్నారు, వచ్చాను. ఆయన గుణగణాలు అధ్యక్షులు చెప్పేశారు. నేను మళ్ళీ మొదలుపెడితే ఆయనే విసుక్కునేవారు. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. ఆయన నా దగ్గర బ్రహ్మసూత్ర భాష్యం తీసుకుని తిరిగివ్వలేదు. ఎప్పుడడిగినా "ఇంకా మొదటి సూత్రం దాటలేదయ్యా" అనేవారు. నా పేచీ కూడా ఆ మొదటి సూత్రం దగ్గరే. కార్యవర్గం వారు ఇచ్చిన విషయం ‘జిజ్ఞాస, అంతరంగ స్వస్థత’ కాబట్టి ఆ పేచీని ఇక్కడ ఎత్తుకోవడానికి నాకు అనుమతి దొరికినట్టే.

నచికేతుడు యముణ్ణి అడిగాడు, మైత్రేయి భర్తను అడిగింది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1925లో తమ్ముడు నిత్యానంద పోయిన దుఃఖం అనుభవించి, 1929లో హాలండులోని ఓమెన్‌లో, తాను అధిపతిగా ఉన్న సంస్థనే రద్దుచేసి, జీవితమంతా ప్రశ్నలడుగుతూ తిరిగాడు. అడిగినవాళ్ళ కథలు ఇవి, ప్రతి సభలోనూ వింటున్నవే. ముందుకు పోదాం.

బ్రహ్మజిజ్ఞాసకు, అంటే బ్రహ్మాన్ని తెలుసుకోవాలని అడగడానికి, ముందు సాధన చతుష్టయం ఉండాలని శంకరులు ఆ మొదటి సూత్రం భాష్యంలో చెప్పారు. నిత్యానిత్య వివేకం, ఇహపర భోగాల మీద వైరాగ్యం, శమదమాదులు (మనసునూ ఇంద్రియాలనూ అదుపులో ఉంచుకోవడం వంటివి), ముముక్షుత్వం (మోక్షం కావాలనే కోరిక). శంకరులతో తగువు పెట్టుకునేంతవాణ్ణి కాను. నా తగువు, ఆ నాలుగింటినీ వచ్చినవాళ్ళందరికీ అడ్డం పెట్టిన తరవాతి పండితులతో. మనసు కుదుటపడ్డవాడే అడగాలట. కలతపడ్డవాడు జపమో పూజో చేసుకుని, కుదుటపడి, అప్పుడు రావాలట. జ్వరం తగ్గాక ఆస్పత్రికి రమ్మన్నట్టుంది.

ఈ మాట ఇంతకుముందు రాసినందుకు నాకు అద్వైతం తెలియదని ఒక విమర్శకుడు తేల్చేశాడు. సరే, అద్వైతం పక్కన పెడదాం. రామానుజులు శ్రీభాష్యంలో సరిగ్గా ఇక్కడే నిలదీశారు: ఏది నిత్యమో ఏది కాదో విచారించకుండానే తేలేదెలా? శాస్త్రం వినకుండా ఆ నాలుగూ ఎక్కణ్ణుంచి వస్తాయి? అక్కణ్ణుంచి ఆయన కర్మమీమాంస ముందు చదవాలనే దారి పట్టారు. ఆ దారిలో నేను వెంట వెళ్ళను. ఆక్షేపణ మాత్రం గట్టిది. దానికి నాకు దొరికిన సమాధానాలన్నీ దాన్ని చుట్టి వెళ్ళినవే.

ఇక విద్యారణ్యులు. జీవన్ముక్తివివేకంలో యాజ్ఞవల్క్యుణ్ణి ఉదాహరణగా తెచ్చి, తత్త్వం తెలిసినవాడికి కూడా జనకుని సభలో విద్యామదం వదలలేదని చూపించారు. నా ప్రతిపక్షులు ఈ గ్రంథాన్ని నా మీదికే విసురుతారు. "చూశారా, ప్రశ్నించి తెలుసుకున్నంత మాత్రాన మనసు బాగుపడదు" అంటారు. ఒప్పుకుంటాను. కానీ అదే గ్రంథంలో విద్యారణ్యులు తత్త్వజ్ఞానం, మనోనాశం (మనసు అణగడం), వాసనాక్షయం (పాత సంస్కారాలు తరగడం) మూడూ కలిపి అభ్యసించాలన్నారు. మూడూ కలిసి నడవాలంటే, ముందు శాంతి, తరవాత విచారం అనే వరుస ఏమైనట్టు? గ్రంథాన్ని సగంలో మూసేస్తే ఇలాగే అవుతుంది.

రమణ మహర్షి సంగతి చూడండి. 1896లో మధురైలో పదహారేళ్ళ కుర్రవాడికి చావుభయం పట్టుకుంది. ఆ భయంలోనే చచ్చేదెవరని చూశాడు. అర్హత గురించి ఎవరూ అడగలేదు. దీనికి అవతలి వారి జవాబు పూర్వజన్మ సంస్కారం. ఏ సాక్ష్యమూ తాకలేని జవాబు అది. అలాంటిదాన్ని నేను వాదంగా లెక్కపెట్టను. పోనీ, అర్హతలన్నీ ఉన్నవాణ్ణే తీసుకుందాం. బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని శాస్త్రం చదివినవాడు, మంత్రజపం చేసినవాడు. 1907లో మనసు కుదుటపడకే అరుణాచలం కొండెక్కి, తపస్సంటే ఏమిటని అక్కడున్న రమణుణ్ణి అడిగాడు. ‘నేను’ ఎక్కణ్ణుంచి పుడుతోందో గమనించమన్న జవాబు దగ్గర ఊరట దొరికింది. ఏళ్ళ తరబడి కూడబెట్టిన అర్హతలు చెయ్యని పని ఒక ప్రశ్న చేసింది.

నాకు ఎదురొచ్చే సాక్ష్యం ఒకటి మనస్తత్వ శాస్త్రంలో ఉంది. దాచను. ధ్యానంలో మనసు స్థితిని కొలవడానికి 2006లో వెలువడిన టొరంటో మైండ్‌ఫుల్‌నెస్ స్కేలులో అంశాలు రెండు. ఒకటి కుతూహలం, రెండోది తన అనుభవం నుంచి కాస్త వెనక్కి జరిగి చూడటం. చికిత్సలో మెరుగుదలను సూచించింది రెండోదే. కాబట్టి ఉత్త కుతూహలం చాలదు. కానీ ‘నాకీ భయం ఎందుకు’ అని తవ్వుకుంటూ కూర్చోమని రమణులు ఎప్పుడు చెప్పారు? భయం ఎవరికో చూడమన్నారు. అలా చూసినప్పుడు భయానికీ దాన్ని చూసేవాడికీ మధ్య ఎడం ఏర్పడుతుంది. కొలమానం చెప్పిన రెండో అంశం నాకు అక్కడే కనిపిస్తుంది. (వైద్యం కావలసిన జబ్బుకి ఇది మందు కాదు. మానసిక వైద్యాలయం నిమ్హాన్స్ ఈ హోసూరు రోడ్డు మీదే ఉంది. అక్కడికి వెళ్ళవలసినవాళ్ళు రమణాశ్రమం ఉన్న తిరువణ్ణామలైకి బస్సెక్కకండి.)

మహర్షులూ మునులూ సరే, మామూలు మనుషుల మాటేమిటంటారు. సూరి నాగమ్మగారిని చదవండి. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు, ఊహ తెలిసీ తెలియని వయసులో వైధవ్యం. 1941లో రమణాశ్రమం చేరారు. 1945 నుంచి సోదరులు డి.ఎస్. శాస్త్రిగారికి తెలుగులో రాసిన ఉత్తరాలే ‘శ్రీ రమణాశ్రమ లేఖలు’. వాటిలో పండితులు, విదేశీయులు, ఇల్లాళ్ళు, పిల్లలు అందరూ అడుగుతూనే ఉంటారు. నీకు సాధన చతుష్టయం ఉందా అని ఒకణ్ణి గుమ్మంలో నిలబెట్టిన ఘట్టం నాకింతవరకు ఎదురుపడలేదు. 1948లో చనిపోయిన ఆశ్రమం ఆవు లక్ష్మికి ముక్తి కలిగిందని రమణులు అన్నారు. శమదమాదులు ఆ ఆవులో ఎక్కడ వెతకాలో పండితులు సెలవివ్వాలి.

నేనిప్పుడు చేస్తున్న పని ఈ ఉత్తరాల మీదే. రమణుల సంభాషణలను విషయాల వారీగా విడగొట్టి పుస్తకాలు వేసినవాళ్ళు ఉన్నారు. ఆ పద్ధతిలో జవాబు మిగులుతుంది, అడిగినవాడి బాధ రాలిపోతుంది. నేను తయారుచేస్తున్న పట్టికలో ముందు వచ్చేది అడిగిన మనిషి. ఎవరు, ఏ భాషలో, ఏ స్థితిలో అడిగారు, జవాబు విన్నాక మళ్ళీ అడిగారా, ఊరుకున్నారా. చాలాచోట్ల పేర్లు ఉండవు, అది ఒక చిక్కు. అంతకంటే పెద్ద చిక్కు స్థితి తేల్చడం. నొప్పితో అడిగాడా, నెగ్గడానికి అడిగాడా? నా ఒక్కడి తీర్పు చాలదు, ముఖ్యంగా ఇంత పేచీ పెట్టుకున్నవాడి తీర్పు. ఒకరితో ఒకరు సంప్రదించకుండా ఇద్దరు చదివి గుర్తు వెయ్యాలి. తేడా వచ్చిన చోట గడి ఖాళీగా వదలాలి.

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి మెట్రోలో వచ్చిన కుర్రాళ్ళు ఇక్కడ చాలామంది కనిపిస్తున్నారు. పట్టికను కంప్యూటరులోకి ఎక్కించడం మీకు చిటికెలో పని, నాకు గండం. తెలుగు చేతిరాత చదవగలిగినవాళ్ళు సభ అయ్యాక పేర్లివ్వండి. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు తిరువణ్ణామలై నుంచి రాసిన పాత ఉత్తరాలుంటే నకలు పంపండి. అసలు ప్రతులు మీ దగ్గరే ఉంచుకోండి, నేను పోగొట్టే రకం.