మూడు డబ్బాలూ అయ్యేదాకా
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హెపటైటిస్ సి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. జబ్బు ఎలా వస్తుందో చెప్పి కూర్చోవచ్చు. కాని మందు చేతిలో పెట్టుకుని, సగంలో మానేసి చెడిపోతున్న వాళ్ళను చూస్తున్నాను. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

ఇది రక్తం ద్వారా అంటే వైరస్. ఒకరికి పొడిచిన సూది మరొకరికి పొడవడం, పరీక్ష చేయని రక్తం ఎక్కించడం, డయాలిసిస్, మంగలి బ్లేడు, పచ్చబొట్టు, సరిగా మరిగించని ఒడుగుల కత్తి, ఇవీ దాని దారులు. 1989 దాకా ఈ వైరస్‌ను గుర్తించనేలేదు. అంటే అంతకుముందు రక్తం ఎక్కించుకున్న వాళ్ళెవరికీ దీని పరీక్ష జరిగి వుండదు. ఒకే పళ్ళెంలో తింటే మాత్రం రాదు. దయచేసి ఆ రోగికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టకండి.

కామెర్లు కనబడితేనే లివర్ జబ్బు అని మనవాళ్ళ లెక్క. ఇది చాలామందిలో ఇరవై, ముప్పై ఏళ్ళు కామెర్లు లేకుండానే కాలేయాన్ని గట్టిపరుస్తుంది. పరగడుపున పసరు మందు మింగితే పోయేది కాదు.

పూర్వం దీనికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. కొన్ని రకాలకు 24 వారాలు, కొన్నింటికి 48 వారాలు. జ్వరం, ఒళ్ళునొప్పులు, మనసు కుంగిపోవడం. తోడుగా ఇచ్చే రైబావిరిన్‌తో రక్తం తగ్గడం. పన్నెండో వారానికి వైరస్ లెక్క నూరో వంతుకైనా దిగకపోతే, ఇక లాభం లేదని డాక్టరే ఆపేవాడు. ఆ ఆపడానికి ఒక లెక్క వుండేది.

2013 చివరలో అమెరికాలో సోఫోస్‌బువిర్ మాత్ర వచ్చింది. అక్కడ మాత్ర ఒక్కింటికి వెయ్యి డాలర్లు, 84 మాత్రలకు 84,000. మన హైదరాబాదు కంపెనీ నాట్కో వంటివి లైసెన్సు తీసుకుని 2015లో చవకగా తెచ్చాయి. 2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యక్రమం ప్రారంభించి, ప్రభుత్వ కేంద్రాల ద్వారా ఉచితంగా ఇస్తోంది. కాలేయం ఇంకా గట్టిపడని వాళ్ళకు సాధారణంగా సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ కలిపి రోజుకొకసారి, 12 వారాలు. డబ్బాకు 28 చొప్పున మూడు డబ్బాలు. నూటికి 90 మందికి పైగా పూర్తిగా నయమవుతున్నారు. ఇంత మంచి మందు నా చదువు రోజుల్లో కలలో కూడా లేదు.

ఇక ఆ సగంలో మానడం సంగతి. నాకు తెలిసిన దర్జీ ఒకాయన వున్నాడు. మొదటి డబ్బా అయ్యాక పరీక్ష చేస్తే రక్తంలో వైరస్ కనబడలేదు. సంతోషం పట్టలేక బంధువులకు ఫోన్లు చేశాడు. రెండో డబ్బాలో పది మాత్రలు వేసుకుని, మిగతా మందంతా అదే జబ్బున్న బావమరిదికి ఇచ్చేశాడు. "నాది తగ్గిపోయింది కదా సార్, పాపం వాడికి పనికొస్తుందని ఇచ్చా" అన్నాడు. మనసు మంచిదే. నాలుగు నెలల తర్వాత ఆయనకు వైరస్ మళ్ళీ కనబడింది. బావమరిదికి ఏ పరీక్షా లేకుండా సగం మందు పడింది.

ఎందుకిలా? మందు మొదలుపెట్టగానే రక్తంలో వైరస్ గబగబా పడిపోతుంది. చాలామందిలో నాలుగైదు వారాలకే యంత్రానికి అందనంత తక్కువవుతుంది. కాలేయం కణాల్లో మాత్రం ఇంకా దాగి వుండవచ్చు. మందు ఆపితే ఆ మిగిలిందే మళ్ళీ పిల్లలు పెడుతుంది. పైగా డక్లాటాస్‌విర్ వంటి మందుకు లొంగని రకం అలా మిగిలితే, అది ఏళ్ళ తరబడి పోకపోవచ్చు. దర్జీకి ఈసారి మందు మారింది, 24 వారాలైంది, రైబావిరిన్ తోడైంది. భర్త రైబావిరిన్ వాడుతున్నప్పుడూ, ఆపాక ఆరు నెలల వరకూ, భార్యకు గర్భం రాకూడదు. పెళ్ళై రెండేళ్ళు కాని ఇంట్లో ఆ మాట ఎంత బరువో మీకు తెలుసు.

సగంలో మానినా అదృష్టం కొద్దీ నయమైన వాళ్ళూ లేకపోలేదు. అందుకే మధ్యలో మానిన వాళ్ళు సిగ్గుపడి దాక్కోవద్దు. వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళి, ఎన్ని రోజులు తప్పాయో నిజం చెప్పండి. కొనసాగించాలా, మళ్ళీ మొదలుపెట్టాలా అనేది పరీక్ష చూసి ఆయన చెబుతాడు. ఒక్కరోజు తప్పితే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాడు రెండు మింగవద్దు.

రంజాన్ నెలలో మానేసేవాళ్ళు వున్నారు. మానక్కర్లేదు. రోజుకొకసారి మాత్రే గనుక సహరీలోనో ఇఫ్తార్ తర్వాతో, రోజూ ఒకే వేళకు వేసుకోవచ్చు. కడుపులో నీరు చేరినవాళ్ళు, కాలేయం బాగా గట్టిపడినవాళ్ళు మాత్రం రోజా ఉండేముందు డాక్టరును అడగాలి.

మరొక సంగతి. టి.బి.కి వాడే రిఫాంపిసిన్ ఈ మందు బలాన్ని తగ్గిస్తుంది. వెల్‌పటాస్‌విర్ వాడేవాళ్ళకు గ్యాస్ మాత్రలతోనూ చిక్కే. గుండెకు అమియోడరోన్ వాడేవాళ్ళు ముందే చెప్పాలి. హెపటైటిస్ బి కూడా వుందేమో మొదలుపెట్టేముందే చూడాలి. లేకపోతే సి తగ్గుతూ వుంటే బి విజృంభించే ప్రమాదం వుంది.

మూడో డబ్బా అయినరోజు పని అయిపోదు. అక్కడి నుంచి పన్నెండు వారాలకు ఆర్.ఎన్.ఎ. పరీక్ష చేయించాలి. అందులో వైరస్ లేకపోతేనే నయమైనట్టు. సిర్రోసిస్ వచ్చినవాళ్ళు నయమైన తర్వాత కూడా ఆరు నెలలకొకసారి స్కానింగ్ చేయించుకోవాలి, కాన్సర్ భయం పూర్తిగా పోదు.

ఆ ఆర్.ఎన్.ఎ. రిపోర్టు ఇంట్లో నికాహ్‌నామా దాచినంత జాగ్రత్తగా దాచండి. నయమైనవాళ్ళలో కూడా యాంటీబాడీ పరీక్ష చాలాసార్లు జీవితాంతం పాజిటివే చూపిస్తుంది. గల్ఫ్ మెడికల్‌లో ఆ చిన్న పరీక్ష చూసి అన్‌ఫిట్ అని రాస్తే, మళ్ళీ మందు మొదలుపెట్టకండి. ముందు ఆ కాగితం తీసి మీ డాక్టరుకు చూపండి.

ప్రశ్నలుంటే చీటీ మీద రాసి పంపండి. పేరు రాయనక్కర్లేదు.