మూడో పేరా ముందు రెండు సమాజాలు

(దళిత క్రైస్తవుల హక్కులపై రాజమహేంద్రవరంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



చర్చి రాజకీయాలు మాట్లాడవచ్చునా అని కొందరు ప్రశ్నిస్తున్నారు. మసీదు గురించి కూడా ఇదే ప్రశ్న వినిపిస్తూ ఉంటుంది. దీనికి గోదావరి డెల్టా చరిత్రే సమాధానం చెబుతుంది. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు ఈ ప్రాంతానికి వచ్చారు. నరసాపురం వారి కార్యక్షేత్రమైంది. తరువాత రాజమండ్రిలో లూథరన్లు, ఏలూరులో ఆంగ్లికన్లు నిలదొక్కుకున్నారు. మాల, మాదిగ పేటల్లో ప్రార్థనా మందిరంతోపాటు బడి కూడా వెలసింది. ఊరి బడి గడప తొక్కనివ్వని పిల్లల చేతికి పలక ఇవ్వడమంటే ఊరి కట్టుబాటును ధిక్కరించడమే. సామాజిక న్యాయం ఇక్కడి చర్చికి కొత్తగా అంటుకున్న వ్యామోహం కాదు.

మతం మారినంత మాత్రాన పేట ఊరిలో కలిసిపోలేదు. అయినా చట్టం మాత్రం కులం పోయిందని తీర్మానించింది. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా హిందువులు కానివారిని షెడ్యూల్డు కులాల జాబితాకు దూరం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. క్రైస్తవులకు, ముస్లింలకు నేటికీ తెరవలేదు. మరి షెడ్యూల్డు తెగలకు ఇటువంటి మతనిబంధనే లేదు.

దీని ఫలితం ఏమిటో డెల్టా పల్లెల్లో చూస్తున్నాం. ఆదివారం ప్రార్థనకు వెళ్లే కుటుంబం కాగితం మీద హిందువుగా ఉండవలసి వస్తోంది. విశ్వాసాన్ని బహిరంగంగా ప్రకటిస్తే బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషనే మిగులుతుంది. అమలాపురం వంటి ఎస్సీ రిజర్వుడు స్థానంలో పోటీ చేసే అర్హత పోతుంది. అంతకన్నా ముఖ్యంగా అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ పోతుంది. క్రైస్తవం స్వీకరించి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఆ చట్టాన్ని ఆశ్రయించలేరని 2025లో మన రాష్ట్ర హైకోర్టు తీర్పు చెప్పింది. దూషించేవాడు ఎదుటివాని మతం అడిగి దూషించడు. న్యాయం కోరినప్పుడు మాత్రం మతం అడుగుతున్నారు.

ఈ విషయంలో చర్చి ముందుగా తన ఇంటిని చూసుకున్నది. తమ సంఘాల్లోనూ అంటరానితనం కొనసాగుతోందని కతోలిక బిషప్పుల సమాఖ్య 2016లో ప్రకటించిన దళిత సాధికారత విధానంలో అంగీకరించింది. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోని తొలి దళిత కార్డినల్ అయ్యారు. ఆ ఒక్క గౌరవానికి ఇంత కాలం పట్టిందంటే కులం ఎంత లోతుగా పాతుకుపోయిందో గ్రహించవచ్చు.

ఇక మన మాట. ఇస్లాంలో కులం లేదు, నిజమే. ముస్లింలలో కులం లేదని మాత్రం చెప్పగలమా? ఉత్తరాదిలో హలాల్‌ఖోర్లు, లాల్‌బేగీలు తరతరాలుగా పాకీపనిలో మగ్గారు. మన రాష్ట్రంలో 2007 చట్టం బీసీ-ఇ జాబితాలో చేర్చిన పద్నాలుగు వర్గాల్లో తురక చాకలి, హజామ్, పాములవాళ్లు ఉన్నారు. ఆ పేర్లు మన సమాజం నుంచే వచ్చాయి. "మనలో కులమెక్కడిది?" అంటూ మనం గర్వంగా పలికే మాటే మన పేదల దరఖాస్తును తిరస్కరించడానికి సాకు అవుతున్నది.

మతంతో సంబంధం లేకుండా ఎస్సీ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. ఆ సిఫారసు అమలు కాలేదు. 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించి, గడువు పొడిగిస్తూ వచ్చారు. 2023 మార్చి 24న మన శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. దానిని స్వాగతిస్తున్నాను. కాని అందులో దళిత ముస్లిం ప్రస్తావన లేదు. తలుపు సగమే తట్టారు.

అందుకే మూడు విన్నపాలు. సంఘ పెద్దలారా, ఏటా ఆగస్టు 10న మీరు పాటించే నల్లదినం వినతిపత్రంలో దళిత ముస్లింల పేరు కూడా చేర్చండి. ముస్లిం పెద్దలారా, రానున్న జనగణనలో మతంతోపాటు కులాన్ని, వృత్తివర్గాన్ని ఉన్నదున్నట్టు నమోదు చేయించమని జుమా ప్రసంగంలో చెప్పండి. ఉభయ సమాజాల న్యాయవాదులారా, మతం పేరుతో కేసు కొట్టివేతకు గురైన బాధితునికి జిల్లాకొక ఉచిత సహాయ బృందంగా నిలవండి.

మక్కాలో ఒక పరదేశి వర్తకునికి సొమ్ము ఎగవేసినప్పుడు, బాధితుని పక్షాన నిలుస్తామని కొన్ని తెగలవారు ప్రతిజ్ఞ చేశారు. అదే హిల్ఫుల్ ఫుదూల్. దైవప్రవక్త ముహమ్మద్ (స) ప్రవక్త కాకమునుపే అందులో పాల్గొన్నారు. అటువంటి ఒప్పందానికి ఇప్పుడు పిలిచినా వస్తానని తరువాతి కాలంలోనూ చెప్పారు. బాధితుడు ఏ తెగవాడని ఆ ప్రతిజ్ఞ అడగలేదు. నేడు సంఘ కాపరులు మనల్ని పిలిచారు. వెళ్లడం మన బాధ్యత.