ఆస్ట్రేలియా గృహస్థుల సెలవుదినములు

ఆస్ట్రేలియా దేశస్థులకు శని, ఆదివారముల విరామము ఊరక లభించినది కాదు. 1856లో మెల్బోర్ను రాతిపనివారు పని విడిచి ఊరేగి, దినమునకు 8 గంటల పనిని సాధించుకొనిరి. వారమునకు 40 గంటల పని న్యాయస్థానపు తీర్పుచే 1948 జనవరి 1 నుండి అమలయ్యెను.

అంత కష్టించి గడించిన దినములను వారు ఇంట కూర్చుండి గడపరు. భోజనము మూటగట్టుకొని పిల్లలతో సముద్రతీరమునకో, సిడ్నీకి పడమటనున్న కొండలకో పోవుదురు. అచ్చట కటూంబా చెంత ‘ముగ్గురక్కచెల్లెండ్రు’ అను శిలాశిఖరములు కలవు. మనము ధనుర్మాసపు చలికి వణకునప్పుడు వారికి నడివేసవి సుమండీ!

వెంట కెమేరా ఉండవలసినదే. 1900లో కోడక్ వారు బ్రౌనీ యను అట్టపెట్టె కెమేరాను అమెరికాలో ఒక్క డాలరునకే అమ్మజూపిరి. నాటినుండి ఛాయాచిత్రము సామాన్యులకును అందినది. 1937లో మాక్స్ డుపేన్, మిత్రులతో తీరమున విడిసియుండి, ఇసుకపై బోరగిలిన యొకని పటము తీసెను. నేడు ఆ దేశపు వేసవికి అదియే గుర్తు.

ఇప్పుడు కెమేరా చేతిఫోనులోనే ఇమిడినది. మెల్బోర్నునందున్న మా అమ్మాయి ప్రతి సోమవారము పటములు పంపును. అల్లుడు, పిల్లలు, ఇసుకగూళ్లు, కుక్క సైతము వానియందు కలరు, ఆమె లేదు. తీయువారు పటమున పడరు గదా! నా యింటి యామె ఇసుకపై పడిన నీడను వెదకి, “ఇదిగో అమ్మాయి” యనును. ఈ మారు మనుమని చేతికిచ్చి తీయింపుమని వ్రాసితిని. వానికి ఎనిమిదేండ్లు. వంకరగా వచ్చిన రానిమ్ము.