సప్పుడు చేయని పిల్లలు



ప్రతి ఏడు ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, కిస్తీలు ఎంతమంది సరిగ్గా కట్టిండ్రు అని లెక్క చెప్పుకుంటం. ఈసారి లెక్కల పుస్తకంలో లేని ముచ్చట ఒకటి చెప్పుకుందాం. అది మన పిల్లల ముచ్చట.

మన సంఘాల్లో ఒక అక్కకు ఏడేండ్ల కొడుకున్నడు. తండ్రి దుబాయి పోయి నాలుగేండ్లయింది. తల్లి పొద్దుగాల చాట ముందర కూర్చుంటే పొద్దుగూకే దాకా బీడీలే. పిల్లగాడు ఏడ్వడు, ఏదీ అడగడు, ఒక మూలకు కూర్చుంటడు. ‘ఎంత మంచోడు, సప్పుడే చేయడు’ అని మేమే మెచ్చుకున్నం. ఒకనాడు బడిలో తోటి పిల్లగాన్ని రాయితో కొట్టిండు. ఎందుకు కొట్టినవు బిడ్డా అంటే నోరు తెరవలేదు. అప్పుడు మాకు సమజైంది. వాడు బుద్ధిమంతుడై ఊకుంటలేడు, అడిగి అడిగి ఆశ ఇడిచిపెట్టిండు.

ఇది ఆ అక్క తప్పని మేము అనం. మన కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల్లో ఎన్నో ఇండ్లు బీడీల మీద, గల్ఫ్ పైసల మీద నడుస్తున్నయి. పిల్లల కడుపు నింపేటందుకే ఈ కష్టం. కానీ పిల్లలకు అన్నం ఒక్కటే చాలదు.

రుమేనియా దేశంలో 1989లో ప్రభుత్వం కూలినంక, అనాథాశ్రమాల్లో ఎత్తుకునేవాళ్లు, పలకరించేవాళ్లు లేక పెరుగుతున్న వేలమంది పిల్లల సంగతి లోకానికి తెలిసింది. 2000లో అక్కడి బుకారెస్టు నగరంలో అమెరికా శాస్త్రవేత్తలు 136 మంది పిల్లలతో ఒక పరిశోధన మొదలుపెట్టిండ్రు. అందులో సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పజెప్పిండ్రు. రెండేండ్లు నిండకముందే కుటుంబంలోకి పోయిన పిల్లలు ఎక్కువగా కోలుకున్నరు. మన ఇండ్లు ఆ ఆశ్రమాల లెక్క కాదు. అయినా అక్కడ తెలిసిన సంగతి మనకూ పనికొస్తది.

పసిబిడ్డ ఏడిస్తే ఎవరో ఒకరు పలకాలె. పలికితే ‘నాకు దిక్కున్నది’ అని బిడ్డకు నమ్మకం కుదురుతది. మనం ఓదారిస్తేనే తనను తాను ఓదార్చుకునుడు నేర్చుకుంటది. ఎవరూ పలకకపోతే కొందరు మొండికేస్తరు, కొందరు లోపల్లోపలే ముడుచుకుంటరు. భయమైందని, బాధైందని నోటితో చెప్పరాక చెయ్యి లేపుతరు.

అందుకే మేము అడిగేది కొంచెమే. దినానికి పావుగంట చాట పక్కకు పెట్టి, ఫోను పక్కకు పెట్టి, పిల్లల మొఖం చూసి మాట్లాడుదాం. గల్ఫ్‌ నుంచి ఫోనొస్తే పైసల ముచ్చట కన్నా ముందు పిల్లలతోని మాట్లాడిద్దాం. తల్లికి తీరకపోతే నానమ్మో, అమ్మమ్మో, పక్కింటి పెద్దమ్మో, రోజూ పలకరించే మనిషి ఒక్కరుండాలె. చిన్నపిల్లలను అంగన్‌వాడీకి తప్పకుండా పంపుదాం. ఏ పిల్లకైనా ఆపద అనిపిస్తే 1098కి ఫోన్ చేద్దాం. ఇగ ప్రతి సంఘం మీటింగులో అప్పుల ముచ్చట అయినంక ఐదు నిమిషాలు పిల్లల గురించి మాట్లాడుకుందాం.

ఆ అక్క ఇప్పుడు రాత్రి అన్నం కాడ కొడుకుతోని ముచ్చట పెడుతున్నది. మొదట్ల వాడు పలకలేదు. కొన్ని దినాలకు ‘నాయిన ఎప్పుడొస్తడు?’ అని అడిగి, తల్లి ఒడిలో పడి ఏడ్చిండట. ఆ మాట మీటింగులో చెప్పుకుంట అక్క కూడా ఏడ్చింది. వాడు ఏడ్చిండని విని మేమందరం సంతోషపడ్డం.