ఒక కొండ పేరు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో "భద్రయ్య గారూ!" అని కేకేస్తే కనీసం నలుగురు తల తిప్పుతారు. భద్రయ్యలకు, భద్రమ్మలకు, రామదాసులకు మన వైపు కొదవ లేదు. మనుషులే కాదు, స్టేషన్లూ ఫ్యాక్టరీలూ కూడా ఆ కొండ పేరే పెట్టుకున్నాయి. భద్రుడనే భక్తుడు తపస్సు చేసి కొండగా నిలిచాడని స్థలపురాణం. ఆ పేరు మాత్రం కొండ దిగి చాలా దూరం నడిచింది.

"భద్రాచలం రోడ్" అన్న బోర్డు చూసి రైలు దిగిన యాత్రికుడు గోదావరి ఎటువైపని అడుగుతాడు. ఆయన దిగింది కొత్తగూడెంలో. రాములవారు ఇంకా 40 కిలోమీటర్ల అవతల! భద్రాచలం పేపర్ బోర్డ్స్ అని మొదలైన మిల్లు గోదావరికి ఇవతలి ఒడ్డున సారపాకలో ఉంది, 2002లో ఐ.టి.సి.లో విలీనమైంది. 1080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్ కేంద్రం మణుగూరు దగ్గర. రామదాసు పేరూ అంతే. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్నను రెవెన్యూ మిత్రులు మా శాఖవాడే అంటారు (పెన్షనుకు బదులు గోలకొండ చెరసాల దక్కిందనుకోండి). 2017లో ప్రారంభమైన, పాలేరు నుంచి నీళ్ళెత్తిపోసే పథకానికీ ఆయన పేరే పెట్టారు.

ఇంతవరకు నవ్వుకునే మాటలే. చిక్కంతా కాగితాల దగ్గర వస్తుంది.

భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోది. ఆ తర్వాత ఖమ్మంలో కలిసింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. కనుక తాతగారి సర్వీసు రిజిస్టరులో తూర్పు గోదావరి, కొడుకు టి.సి.లో ఖమ్మం, మనవరాలి సర్టిఫికెట్లో మరో జిల్లా. ముగ్గురూ ఒకే అరుగు మీద ఆడుకున్నవాళ్ళే. ఇది చాలదన్నట్లు 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు ఎటపాక, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం వంటి గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. గుడి ఒక రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలోని గుడి మాన్యం మరో రాష్ట్రంలో.

"మీది ఏ భద్రాచలం?" అని కౌంటరులో గుమాస్తా అడిగితే వేళాకోళమనుకోకండి. పిల్లల స్థానికత, మన్యంలోని కోయ కుటుంబాలకైతే కుల ధ్రువపత్రం కూడా ఆ జవాబు మీదనే నిలుస్తాయి. ఆ జవాబు తెలిసిన మనిషి మన ఇళ్ళలో ఒక్కరే ఉంటారు, పెద్దాయనో పెద్దావిడో. వారి తర్వాత ఎవరిని అడగాలి?

అందుకని ఒక మనవి. తెల్లకాగితం మీద మీరు పుట్టిన ఊరు, అప్పటి తాలూకా, అప్పటి జిల్లా, తర్వాత మారినవి సంవత్సరాలతో సహా రాయండి. భద్రయ్య గార్లు నలుగురూ ఇంటిపేరు పొడి అక్షరంతో సరిపెట్టక పూర్తిగా రాయాలి. ఆ కాగితం పి.పి.ఓ. ఫైలులో పెట్టి, ఫైలు ఏ పెట్టెలో ఉందో ఇంట్లోవారికి చూపండి. చూపు ఆనని వారు, చేయి వణికేవారు భోజనాలయ్యాక నా దగ్గరకు రండి. కాగితం, కలం తెచ్చాను, రాసిపెడతాను.