స్పాంజి వ్రేలి బిస్కత్తులు
(ఉపన్యాస పాఠము)



‘లేడీస్ ఫింగర్’ అనగానే తెలుగు ఇండ్లలో బెండకాయయే జ్ఞప్తికి వచ్చును. ఆ పేరుననే వ్రేలెడు పొడవున, గుల్లగా, మిక్కిలి తేలికగా నుండు తీపి బిస్కత్తు ఒకటి కలదు. దానినే స్పాంజి ఫింగర్ అనియు నందురు. ఇటలీవారు సవొయార్ది యందురు. అనగా సవాయ్ వారిదని యర్థము. ఆల్ప్స్ పర్వత ప్రాంతమునందలి సవాయ్ ప్రభువుల ఆస్థానమున, మధ్యయుగాంతమున, ఇది పుట్టినదని ఐతిహ్యము. సవాయ్ సీమ 1860లో ఫ్రాన్సునకు దక్కినది. ఆ వంశమువారు 1861 నుండి ఇటలీకి రాజులైరి. 1946 నాటి ప్రజాభిప్రాయ సేకరణతో వారి రాచరికము ముగిసినది. రాజ్యము పోయినను బిస్కత్తునకు వారి పేరు మిగిలినది. గ్రుడ్లు గిలకొట్టిన వంటవారి పేర్లు మాత్రము ఎవరికిని తెలియవు.

ఆ గిలకొట్టుటయే ఇందులో ముఖ్యము. దీనికి వెన్న లేదు, సోడా లేదు, ఈస్టు లేదు. గ్రుడ్ల సొనలో చిక్కిన గాలియే దీనిని పొంగించును. ఆల్ఫ్రెడ్ బర్డ్ అను ఆంగ్లేయుడు 1843లో బేకింగ్ పౌడరు తయారు చేయుటకు పూర్వము ఇట్టి వంటలకు చేతిసత్తువయే ఆధారము. గంటసేపు గిలకొట్టుడని పాత ఆంగ్ల పాకగ్రంథములు విధించెడివి. (గ్రుడ్డు ముట్టని ఇండ్లవారు ఈ ప్రసంగమును మన్నింతురు గాక.)

మూడు గ్రుడ్లకు 75 గ్రాముల పంచదార, 75 గ్రాముల మైదా చాలును. చల్లని గ్రుడ్లలో సొనలు సులువుగా విడివడును. కాని గిలకొట్టునప్పటికి వాని చలి తీరియుండవలెను. తెల్లసొనలో పచ్చసొన చుక్కయైన పడరాదు. గిలకొట్టినపుడు తెల్లసొనలోని మాంసకృత్తులు విచ్చుకొని, ఒకదానితో నొకటి పెనవైచుకొని, గాలిబుడగల చుట్టును పొరగా నేర్పడును. పచ్చసొనలోని క్రొవ్వు ఆ పొరను చెరచును. జిడ్డు తీరని గిన్నెయు అట్టి హానియే చేయును. నురుగు తెల్లబడిన పిమ్మట సగము పంచదారను చెంచా చెంచాగా చేర్చుచు, కవ్వము ఎత్తినచో మొన నిలుచునంతవరకు గిలకొట్టవలెను. తక్కిన పంచదారతో పచ్చసొనలను వేరుగా, రంగు పాలిపోయి చిక్కబడువరకు గిలకొట్టవలెను.

అటుపిమ్మట రెంటిని కలిపి, మైదాను జల్లించుచు చేర్చునప్పుడే పలువురి పని చెడును. గరిటెను అడుగునకు దింపి పిండిని మెల్లగా పైకి తిరుగవేయవలెనే కాని, గిరగిర త్రిప్పరాదు. శుభ్రముగా పనిచేయు అలవాటు గల గృహిణి చివరి తెల్లచారకూడ మాయవలెనని ఇంకను కలుపును, గాలియంతయు పోవును. రేకుపై అట్టువలె పరచుకొనిన పిండిని చూచి ఆమె నేరమును ఓవెనుపై మోపును. మరునాడు బేకింగ్ పౌడరు తెప్పించును. దానితో వచ్చునది మంచి కేకే కావచ్చును గాని ఈ బిస్కత్తు కాదు.

కలిపిన పిండి వేచియుండదు. ఓవెను ముందే కాగియుండవలెను. కొన కత్తిరించిన కాగితపు పొట్లముతో మూడు నాలుగు అంగుళముల కడ్డీలుగా రేకుపై పిండి, పంచదార పొడిని రెండుమారులు చల్లవలెను. మొదటిది కరగిన పిదప రెండవది చల్లినచో పైన సన్నని పెళుసు పొర కట్టును. 180 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో సుమారు 12 నిమిషములకు లేత బంగారు వన్నె వచ్చును.

1970 ప్రాంతమున ఇటలీలోని త్రెవీజోలో పేరొందిన తిరమిసు అను తీపివంటకమునకు ఈ బిస్కత్తులే పునాది. కాఫీలో ముంచి తక్షణమే తీయవలెను, ఆలసించినచో ముద్దయగును. గాలిలోని తేమయు దీనికి శత్రువే. చల్లారిన వెంటనే మూత బిగువుగల డబ్బాలో పెట్టవలెను. వానకాలమున మెత్తబడినవానిని సన్నని సెగపై ఓవెనులో కొన్ని నిమిషములు ఆరబెట్టినచో మరల కరకరలాడును.