చాంద్ జైసా, చందమామ లాంటి: మన పిల్లలు, తెలుగు పద్యం

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మీరిచ్చే నోటుపుస్తకాలు, ఫీజులు పిల్లల్ని బడిదాకా తెస్తున్నాయి. బడిలోకి వచ్చాక వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో చెప్పడం ఉపాధ్యాయులుగా మా బాధ్యత.

ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లల్లో చాలామంది తెలుగు పరీక్షలో అలంకారాల ప్రశ్న వదిలేస్తారు. 'కాయలున్న చెట్టుకే రాళ్ల దెబ్బలు' అనే సామెతకు అర్థం రాయమంటే కొందరు తోట కాపలా గురించి రాస్తారు. ఇక్కడ చెట్టంటే గుణవంతుడు, రాళ్లంటే లోకం వేసే నిందలు. చెప్పింది ఒకటి, ఉద్దేశించింది మరొకటి. అది పట్టుకోలేని పిల్లవాడికి మార్కులే కాదు, పద్యంలోని రుచి కూడా పోతుంది. చివరికి 'తెలుగు మనది కాదు' అనుకుంటాడు.

నిజానికి ఆ విద్య వాడి ఇంట్లోనే ఉంది. తల్లి 'చాంద్ జైసా బేటా' అంటే ఉపమ. 'తూ మేరా చాంద్ హై' అంటే రూపకం. 'అమ్మ మాట చిన్నరసంలా తీయన' అన్న వాక్యం చూడండి. మాట ఉపమేయం, చిన్నరసం ఉపమానం, తీపి సమానధర్మం, 'లా' ఉపమావాచకం. ఉర్దూలో ఉపమను తష్బీహ్ అంటారు, దానికీ ఇవే నాలుగు అంగాలు. రూపకానికి దగ్గరి చుట్టం ఇస్తిఆరా. అతిశయోక్తిని ముబాలగా అంటారు.

పద్యం నడకలోనూ పోలికలున్నాయి. కందంలో ప్రతి పాదంలో రెండో అక్షరం కలవాలి, అది ప్రాస. గజల్లో కలయిక పాదం చివర ఉంటుంది: ముందు ఖాఫియా, తర్వాత మారకుండా వచ్చే రదీఫ్. గజల్ చివరి షేర్‌లో కవి తన తఖల్లుస్ పెడతాడు. వేమన పద్యం చివరి పాదంలోనూ ఆయన పేరు వినిపిస్తుంది.

ఈ రెండు తోటల మధ్య కంచె లేదని మన కవులు ఎప్పుడో చూపించారు. పిఠాపురం ఉమర్ అలీషా గారు తెలుగు పద్యంలో పండితులు, ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు చేశారు. జాషువా గారు పారశీక కవిపై 1932లో 'ఫిరదౌసి' రాశారు. దాశరథి గారు 'గాలిబ్ గీతాలు' ఇచ్చారు. సినారె గారు తెలుగులోనే గజళ్లు రాశారు. మామిడిపండంటే ప్రాణమిచ్చిన గాలిబ్ గురించి నూజివీడు పిల్లలకు తెలుగులో చెప్పడం కష్టమా?

అందుకే మా మనవి రెండే. ఆదివారం ఒక గంట తెలుగు–ఉర్దూ కవిత్వ తరగతికి చోటు ఇవ్వండి. ఈ పుస్తకాలు, ఒక మంచి నిఘంటువు పట్టేంత బీరువా ఇవ్వండి. పాఠం చెప్పే పని మాది, దానికి రుసుము అక్కర్లేదు.

పూతంతా కాయ కాదని తోట రైతుకు తెలుసు. అయినా నీళ్లు పెట్టడం మానడు. మీరూ మానవద్దని కోరుతూ సెలవు.